ప్రైమరీ వాదన, ప్రైమరీ ఓటు: టెక్సస్‌లో నా అనుభవం

ప్రైమరీ అంటే మన లెక్కలో బి-ఫారం ఎవరికో తేల్చే ఎన్నిక. ఇండియాలో టికెట్ అధిష్ఠానం చేతిలో ఉంటుంది, అమెరికాలో పార్టీ ఓటర్ల చేతిలో ఉంటుంది. టికెట్ దక్కనివాడు రెబెల్‌గా నామినేషన్ వేస్తానంటే టెక్సస్‌లో చెల్లదు. ప్రైమరీలో ఓడినవాడి పేరు ఆ నవంబర్ బ్యాలెట్ మీద ఇండిపెండెంట్‌గా ఎక్కదు. ఒక పార్టీ కంచుకోట లాంటి నియోజకవర్గంలోనైతే ప్రైమరీయే అసలు ఎన్నిక, నవంబర్‌లో జరిగేది లాంఛనం.

డాలస్‌కి ఉత్తరాన కాలిన్ కౌంటీలో 2020, 2022, 2024 ప్రైమరీల్లో ఓటు వేశాను, ఇల్లిల్లూ తిరిగి వేయించాను, ఆన్‌లైన్ గ్రూపుల్లో వాదించాను కూడా. గ్రూపుల్లో వాదిస్తే మనుషులు మారరని అందరూ అంటారు. నాకలా అనిపించలేదు. ప్రైమరీలో మనుషులు తేలిగ్గానే మారతారు, ఎందుకంటే అభ్యర్థులందరూ ఒకే పార్టీవాళ్ళు, ఎవరి వైపు దూకినా గోడ దూకినట్టు కాదు. కాకపోతే అలా మారగలిగి, ఆ మార్పును సరైన రోజున, సరైన రాష్ట్రంలో బ్యాలెట్ మీద పెట్టగలిగినవాళ్ళు మనం వాదించే చోట ఉండరు. ఈ మాట నమ్మాలంటే మీ గ్రూపును ఒకసారి జల్లెడ పట్టి చూడండి.

మొదటి జల్లెడ పౌరసత్వం. హెచ్‌1బి, హెచ్‌4, ఎఫ్‌1 వీసాల మీద ఉన్నవాళ్ళకు ఓటు లేదు. గ్రీన్‌కార్డు ఉన్నా లేదు. తెలుగువాళ్ళ గ్రూపుల్లో సగం గొంతులు ఇక్కడే రాలిపోతాయి, అందులోనూ బాగా పెద్ద గొంతులు. ఇక్కడ ఒక హెచ్చరిక. డ్రైవింగ్ లైసెన్స్ ఫారంలో ‘ఓటరుగా నమోదు చేసుకుంటారా’ అనే ప్రశ్న ఉంటుంది. పౌరసత్వం రాకముందు అలవాటుగా అక్కడ టిక్కు పెడితే తరువాత పౌరసత్వానికి పెట్టే ఎన్‌-400 దరఖాస్తులో చిక్కొస్తుంది. ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఎప్పుడైనా ఓటు వేశారా అని అందులో సూటిగా అడుగుతారు. అభ్యర్థులకిచ్చే చందా సంగతీ ఇలాంటిదే. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు ఇవ్వచ్చు, హెచ్‌1బి మీద ఉన్నవాళ్ళు ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. జీతం తీసుకోకుండా వాలంటీరుగా ఫోన్లు చేయటానికి మాత్రం వీసా అడ్డు కాదు. ఆ పని చేసే హెచ్‌1బి వాళ్ళు గ్రూపులో అరిచే పౌరులకన్నా ఎక్కువ ఓట్లు తేవటం చూశాను.

రెండోది రాష్ట్రం, అంటే భోజనాల బంతిలో ఎక్కడ కూర్చున్నామన్నది. 2020లో అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే డెమోక్రటిక్ పార్టీ వంతు ఫిబ్రవరి 3న అయోవాలో మొదలైంది. టెక్సస్, కాలిఫోర్నియా, వర్జీనియా, నార్త్ కరొలైనా సహా 14 రాష్ట్రాలు మార్చి 3న ఓటేశాయి. పోటీలో ఉన్న బెర్నీ శాండర్స్ ఏప్రిల్ 8న ప్రచారం ఆపేశారు. జూన్ మొదటి వారానికి జో బైడెన్‌కు కావలసిన 1,991 మంది డెలిగేట్లు (పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులు) సమకూరారు. కోవిడ్ వల్ల వాయిదా పడిన న్యూజెర్సీ ప్రైమరీ జులై 7న జరిగింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు గానీ, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మనవాళ్ళ విస్తరి దగ్గరకు వచ్చేసరికి గిన్నెలో ఒక్కటే కూర మిగిలింది. ఆ ముందు ఏడాదంతా ఎడిసన్ మిత్రులు మరో అభ్యర్థి ఎలిజబెత్ వారెన్ పన్ను పథకం మీద రాసిన పేజీలకు పేజీలు న్యూజెర్సీలో ఒక్క డెలిగేట్‌నూ కదపలేకపోయాయి. వారెన్ మార్చి 5నే తప్పుకున్నారు.

మూడోది పార్టీ నమోదు. దీని సంగతి తెలియనివాళ్ళే ఎక్కువ. టెక్సస్, వర్జీనియా, జార్జియాల్లో ఓటరు నమోదులో పార్టీ ఊసే ఉండదు, ప్రైమరీ రోజున ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడిగి తీసుకోవటమే. న్యూయార్క్‌లో అలా కుదరదు. 2016 ఏప్రిల్ 19న జరిగిన ప్రైమరీకి, అప్పటికే ఓటర్లయినవాళ్ళు పార్టీ మార్చుకోవటానికి గడువు 2015 అక్టోబర్ 9. ఆరు నెలల ముందన్నమాట. డోనల్డ్ ట్రంప్ పిల్లలు ఇవాంకా, ఎరిక్ ఆ గడువు దాటబెట్టి సొంత తండ్రికే ప్రైమరీలో ఓటు వేయలేకపోయారు. ఆ గడువును తరువాత ఫిబ్రవరి 14కు తెచ్చారు. న్యూజెర్సీలో ఏ పార్టీలోనూ లేనివాళ్ళు ప్రైమరీ రోజున బూత్ దగ్గరే చేరవచ్చు, ఒక పార్టీలో ఉన్నవాళ్ళు రెండోదానిలోకి మారాలంటే 55 రోజుల ముందే మారాలి. కాలిఫోర్నియాలో ‘నో పార్టీ ప్రిఫరెన్స్’ అని రాసుకున్నవాళ్ళకు 2020లో పోస్టులో వచ్చిన బ్యాలెట్ మీద అధ్యక్ష పదవి వరసే లేదు. డెమోక్రటిక్ బ్యాలెట్ కావాలని విడిగా అడిగితేనే పంపారు. కవరు చించి చూసి ఇదేమిటని గ్రూపులో అడిగినవాళ్ళకు అప్పుడు జవాబు చెప్పినవాడు లేడు, అందరూ హెల్త్ ఇన్సూరెన్స్ చర్చలో మునిగి ఉన్నారు.

చివరిది అలవాటు. 2016లో రెండు పార్టీల ప్రైమరీలూ హోరాహోరీగా సాగినా, ఓటు హక్కున్నవాళ్ళలో వాటికి వెళ్ళింది 30 శాతం లోపే అని ప్యూ అనే సర్వే సంస్థ లెక్క. ఆన్‌లైన్ సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. 2019లో అదే సంస్థ ట్విట్టర్‌ను పరిశీలిస్తే, అమెరికన్ పెద్దలు జాతీయ రాజకీయాల మీద పెట్టిన ట్వీట్లలో 97 శాతం పది శాతం మంది చేతుల మీదుగా వచ్చినవే. అరుపు వినపడే చోటా, ఓటు పడే చోటా ఉండేది ఒకే మనుషులు కాదు.

ఈ జల్లెడలన్నీ పట్టాక రెండు వందల మంది గ్రూపులో నాకు మిగిలినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. వాళ్ళలో వాదనల్లో పాల్గొన్నవాడు ఒక్కడే, అతనూ నాతో ముందే ఏకీభవించినవాడు.

వాదన విషయం ఎక్కడ తప్పుతుంది

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత 2019కి చక్కగా సరిపోతుంది. ఆ ఏడాది నెలల తరబడి మనవాళ్ళు అప్పుడు అధ్యక్ష పోటీలో ఉన్న కమలా హారిస్ గురించి కొట్టుకున్నారు, తమిళ మూలాల దగ్గర్నుంచి ప్రాసిక్యూటర్‌గా పాత కేసుల దాకా. ఆమె డిసెంబర్ 3న తప్పుకున్నారు. అప్పటికి దేశంలో ఒక్క ఓటు కూడా పడలేదు. ఆ దశలో అభ్యర్థి నిలబడటానికి కావలసింది డిబేట్ వేదిక మీద చోటు. జూన్ 2019 డిబేట్లకు 65,000 మంది చందాదారులు, లేదా మూడు సర్వేల్లో ఒక శాతం చూపించాలి. సెప్టెంబర్‌కి 130,000 మందీ కావాలి, నాలుగు సర్వేల్లో రెండు శాతమూ కావాలి. లెక్కించేది చందా ఎంతని కాదు, ఎంతమంది ఇచ్చారని. ఒక పౌరుడిచ్చిన ఒక్క డాలరు ఆ లెక్కలోకి వచ్చింది, వెయ్యి మెసేజ్‌లు రాలేదు.

ఇక ‘ఎవరు గెలవగలరు’ అన్న వాదన. ఇది తేలేది కాదు, తేలినా దాన్ని తేల్చేది మనం కాదు. 2020లో ఏం జరిగిందో వరసగా చూడండి. ఫిబ్రవరి 26న సౌత్ కరొలైనా నుంచి కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సభ్యుడు జిమ్ క్లైబర్న్ బైడెన్‌కు మద్దతిచ్చారు. 29న బైడెన్ ఆ రాష్ట్రం గెలిచారు. పోటీలో ఉన్నవాళ్ళలో మార్చి 1న పీట్ బుటిజెజ్, 2న ఏమీ క్లోబుచార్ తప్పుకుని, ఆ సాయంత్రమే డాలస్‌లో బైడెన్ పక్కన నిలబడ్డారు. మరుసటి రోజు 14 రాష్ట్రాల్లో ఓటింగ్. ఏడాదిన్నర వాదన ఆరు రోజుల్లో ఇలా ముగిసింది. ఆ ఆరు రోజుల్లో గ్రూపుల్లో ఎవరూ ఎవర్నీ ఒప్పించలేదు, తమ అభ్యర్థి పోయాక మిగిలినవాళ్ళలోంచి ఒకరిని ఎంచుకున్నారంతే.

గ్రీన్‌కార్డు బ్యాక్‌లాగ్, అంటే కార్డు కోసం ఏళ్ళ తరబడి సాగే క్యూ, మీద వాదన మరీ దండగ. ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశం వాళ్ళకు ఏడు శాతమే అన్న పరిమితి చట్టంలో ఉంది, దాన్ని మార్చాల్సింది కాంగ్రెస్. 2019 జులైలో ప్రతినిధుల సభ ఆ పరిమితి ఎత్తేసే బిల్లును 365-65తో ఆమోదించింది. సెనేట్ 2020 డిసెంబర్‌లో వేరే రూపంలో ఆమోదించింది. రెండూ కలవక బిల్లు పోయింది. అధ్యక్ష అభ్యర్థుల్లో ఎవరు మనవాళ్ళకు మంచివారని తల బద్దలు కొట్టుకునే ఓపికలో పదో వంతు తమ సెనేటర్ ప్రైమరీ మీద పెట్టినవాళ్ళు నాకు తగల్లేదు.

వాదించేవాళ్ళలో డెలిగేట్ల లెక్క వేసినవాళ్ళూ తక్కువే. డెమోక్రటిక్ పార్టీలో 15 శాతం దాటనివాళ్ళకు సున్నా. రాష్ట్రం మొత్తానికి ఒక లెక్క, జిల్లాకొక లెక్క. చాలా రాష్ట్రాల్లో జిల్లా అంటే కాంగ్రెస్ నియోజకవర్గం, టెక్సస్‌లో 31 రాష్ట్ర సెనేట్ జిల్లాలు. 2020లో టెక్సస్‌కు 228 మంది డెలిగేట్లు. మరో అభ్యర్థి మైకేల్ బ్లూమ్‌బర్గ్‌కు 14 శాతం పైచిలుకు ఓట్లు పడ్డాయి. రాష్ట్ర వాటాలో ఆయనకు సున్నా, అక్కడక్కడా 15 దాటిన జిల్లాల్లో మాత్రం 11 మంది. బైడెన్‌కు 113, శాండర్స్‌కు 99, వారెన్‌కు 5.

ఇందులో ఒక కిటుకుంది. నలుగురు డెలిగేట్లున్న జిల్లాలో ఇద్దరే 15 దాటారనుకోండి. ఒకరికి 55, ఒకరికి 45 అయితే చెరి ఇద్దరు. 60-40 అయినా చెరి ఇద్దరే. మూడో డెలిగేట్ రావాలంటే 62.5 శాతం చేరాలి. అదే ఐదుగురున్న జిల్లాలో సగం మీద ఒక్క ఓటు ఎక్కువొస్తే మూడోవాడు వచ్చేస్తాడు. కాబట్టి సరి సంఖ్య జిల్లాలో రెండు మూడు శాతం కోసం పడే తంటాలన్నీ బూడిదలో పోసిన పన్నీరు. మీ జిల్లాకు ఎందరు డెలిగేట్లో రాష్ట్ర పార్టీ డెలిగేట్ ఎంపిక ప్రణాళికలో ఉంటుంది, అది ముందు చూసుకోవాలి. రిపబ్లికన్ లెక్క రాష్ట్రానికొక తీరు. 2016లో సౌత్ కరొలైనాలో ట్రంప్‌కు పడింది 32.5 శాతం, దక్కింది 50కి 50 డెలిగేట్లు. అక్కడ మిగతావాళ్ళు ఓట్లు చీల్చుకున్నారు, ఎవరి అభిమానులు వాళ్ళే గొప్ప అనుకుంటూ.

అన్నీ అయ్యాక కూడా పైనుంచి మారిపోవచ్చు. 2024లో ప్రైమరీలు దాదాపు అన్నీ బైడెన్ గెలిచారు, జులై 21న తప్పుకున్నారు, ఆయన డెలిగేట్లు ఆన్‌లైన్ ఓటింగ్‌లో హారిస్‌ను ఎన్నుకున్నారు. నాలుగున్నరేళ్ళ కిందట ఓటు పడకముందే వెళ్ళిపోయిన మనిషికి ఈసారి ఒక్క ప్రైమరీ గెలవకుండానే టికెట్ దక్కింది.

ఓటు వేయటం

టెక్సస్‌లో ప్రైమరీ సరి సంవత్సరాల్లో మార్చి మొదటి మంగళవారం. ఓటరు నమోదు 30 రోజుల ముందే కావాలి. లైసెన్స్ ఆన్‌లైన్‌లో రెన్యూ చేసుకునేటప్పుడు తప్ప, ఆన్‌లైన్‌లో కొత్తగా నమోదు చేసుకునే సదుపాయం లేదు. ఫారం నింపి, సంతకం పెట్టి పోస్టు చేయాలి, లేదా కౌంటీ అనుమతి పొందిన వాలంటీర్ రిజిస్ట్రార్ చేతికి ఇవ్వాలి. ఆ అనుమతి లేకుండా పక్కింటివాళ్ళ ఫారాలు పోగుచేసి పట్టుకెళ్ళటం చట్టవిరుద్ధం. మంచి ఉద్దేశంతో మనవాళ్ళు గుడి దగ్గర బల్ల వేసి చేసే పొరపాటు ఇదే.

మన పేర్లతో వేరే తలనొప్పి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, లైసెన్సులో ఇంకోచోట, ఓటరు జాబితాలో సగం పేరు విరిగి ఉంటుంది. బూత్‌లో పేరు అచ్చంగా కలవకపోయినా దగ్గరగా ఉంటే వెనక్కి పంపకూడదు. ఇద్దరూ ఒకరేనని ఒక గడిలో పొడి అక్షరాలు రాయిస్తారు, రాసి ఓటు వేయవచ్చు. ఇది తెలియక ఇంటికి తిరిగి వెళ్ళినవాళ్ళున్నారు. గుర్తింపుకు టెక్సస్ లైసెన్స్ గానీ, అమెరికన్ పాస్‌పోర్టు గానీ, ఫొటో ఉన్న పౌరసత్వ సర్టిఫికెట్ గానీ చాలు. డెబ్భై ఏళ్ళ లోపువాళ్ళకు లైసెన్స్ గడువు తీరి నాలుగేళ్ళు దాటకపోతే అదీ పనికొస్తుంది. బూత్‌కు వంద అడుగుల లోపల అభ్యర్థి పేరున్న టీషర్టు, టోపీ, బ్యాడ్జీ కుదరవు. యంత్రాల దగ్గర ఫోను తీయకూడదు, కాబట్టి బ్యాలెట్ మీద ఉండే జడ్జీల పేర్ల దాకా ముందే కాగితం మీద రాసుకుని వెళ్ళాలి.

ఎర్లీ ఓటింగా (ఎన్నిక రోజుకు ముందే బూత్‌కు వెళ్ళి వేయటం), ఎన్నిక రోజా అన్నది బరిలో ఎందరున్నారన్న దాన్ని బట్టి తేల్చుకోవాలి. 2020లో ఎర్లీ ఓటింగ్ ఫిబ్రవరి 28న ముగిసింది, బుటిజెజ్ ఆపై రెండు రోజులకు తప్పుకున్నారు. అయినా టెక్సస్‌లో ఆయనకు నాలుగు శాతం దాకా పడ్డాయి, చాలావరకూ అంతకుముందే వేసేసినవి. వేసిన ఓటు వెనక్కి రాదు. అలాగని చివరి రోజు దాకా ఆగితే క్యూ. ఆ రోజు హ్యూస్టన్‌లోని టెక్సస్ సదరన్ యూనివర్సిటీ దగ్గర అర్ధరాత్రి దాటాక కూడా ఓట్లు పడ్డాయి. రెండు పార్టీలకూ యంత్రాలు సమంగా పంచటంతో ఒక వరస కిటకిటలాడుతుంటే రెండోది ఖాళీగా ఉంది. సాయంత్రం ఏడింటికి క్యూలో ఉంటే చాలు, ఎంత పొద్దుపోయినా ఓటు వేయనివ్వాలి. నేనిప్పుడు పాటించేది, ముగ్గురికి మించి గట్టి అభ్యర్థులుంటే ఎన్నిక రోజు పొద్దున ఏడింటికే వెళ్ళటం, లేకపోతే ఎర్లీ ఓటింగ్ మొదటి వారం మధ్యలో, భోజనాల వేళ తప్పించి వెళ్ళటం.

ఓటు వేయించటం

ఎవరికి వేశారో రహస్యం, ఏ పార్టీ ప్రైమరీలో వేశారో రహస్యం కాదు. అది ఓటరు రికార్డులో ఉంటుంది, పార్టీలు అది చూసే జాబితాలు తయారు చేస్తాయి. గత రెండు మూడు ప్రైమరీల్లో ఓటు వేసిన ఇంటికే వాలంటీరు వస్తాడు. మా తలుపు ఎవరూ తట్టలేదు, మమ్మల్ని పట్టించుకోరు అని బాధపడే మనవాళ్ళకు కారణం ఇదే తప్ప వివక్ష కాదు. ఒక్కసారి వేసి చూడండి, మరుసటి ఏడాది ఫోన్లు భరించలేరు.

శనివారం మూడు గంటల్లో నలభై గుమ్మాలు ఎక్కితే తలుపు తీసేది పది మంది. ఇద్దరు నిజంగా తేల్చుకోనివాళ్ళు దొరికితే ఆ రోజు బాగున్నట్టే. 49 క్షేత్ర ప్రయోగాలను కలిపి చూసిన పరిశోధన ఒకటి 2018లో వచ్చింది. నవంబర్ ఎన్నికల్లో ఇలా వెళ్ళి ఒప్పించటం వల్ల ఓటు మారేది సగటున దాదాపు సున్నా అని తేల్చింది, ప్రైమరీల్లో మాత్రం ఫలితం ఉండవచ్చని చెప్పింది. గుమ్మం దగ్గర నాకు కనపడింది కూడా ఇదే. అవతలి మనిషికి మూడు పేర్లలో రెండు తెలియవు, కోపం లేదు, విన్నాక ఆలోచిస్తానంటాడు.

ఆ పదిమందితో తేడా వచ్చేది చిన్న ఎన్నికల్లో. 2022లో టెక్సస్ 28వ కాంగ్రెస్ నియోజకవర్గం డెమోక్రటిక్ రన్‌ఆఫ్‌లో (ఎవరికీ సగానికి మించి రాకపోతే మొదటి ఇద్దరి మధ్య జరిగే రెండో విడత) హెన్రీ క్వేయార్ జెస్సికా సిస్నెరోస్ మీద గెలిచింది 289 ఓట్లతో. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2018లో మేరీల్యాండ్ 6వ నియోజకవర్గం ప్రైమరీలో సుమారు 31 శాతం తెచ్చుకుని, సొంత డబ్బు కోటి డాలర్ల పైన పోసిన డేవిడ్ ట్రోన్ చేతిలో ఓడారు. ఆయనకు 40 శాతం. అక్కడ రన్‌ఆఫ్ లేదు. హైదరాబాద్‌లోనే పుట్టిన గజాలా హాష్మి 2025లో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్ ప్రైమరీని ఆరుగురి మధ్య 30 శాతం లోపు ఓట్లతోనే గెలిచారు, నవంబర్‌లో పదవీ గెలిచారు. ఇలాంటి పోటీలో ఒక అపార్ట్‌మెంట్ సముదాయం కూడా లెక్కలోకి వస్తుంది. గ్రూపుల్లో వీటి గురించి వాదన కాదు కదా, ప్రస్తావనే ఉండదు.

ఇంకా చిన్నది కావాలంటే ప్రెసింక్ట్ చైర్ పదవి, అంటే ఒక పోలింగ్ ప్రాంతానికి పార్టీ బాధ్యుడు. రెండేళ్ళకోసారి ప్రైమరీ బ్యాలెట్ మీదే ఎన్నిక, చాలా చోట్ల ఖాళీగానే ఉంటుంది. ముందు ఏడాది డిసెంబర్ రెండో సోమవారం లోపు దరఖాస్తు ఇవ్వాలి, ఫీజు లేదు. కౌంటీ పార్టీ కార్యవర్గంలో ఓటు వస్తుంది.

నా జల్లెడలో మిగిలిన కొద్దిమందికి ఇప్పుడు గ్రూపులో కాకుండా విడివిడిగా రాస్తాను. తారీకు, ఇంటికి దగ్గరి బూత్, తెచ్చుకోవలసిన కార్డు, ‘ఏ రోజు, ఎన్నింటికి వెళ్తున్నారు అన్నా?’ అన్న ప్రశ్న, అంతే. అభ్యర్థి పేరు వాళ్ళు అడిగితేనే చెబుతాను. ఏ అభ్యర్థికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మే నాలుగో మంగళవారం రన్‌ఆఫ్ ఉంటుంది గనక అప్పుడు రెండో మెసేజ్ పంపాలి. మార్చిలో ఒక పార్టీ ప్రైమరీలో వేసినవాళ్ళు మేలో రెండో పార్టీ రన్‌ఆఫ్‌లో వేయటానికి వీల్లేదు, కాబట్టి ఎవరు ఏ బ్యాలెట్ తీసుకున్నారో మార్చిలోనే పేరు పక్కన రాసి పెట్టుకోవాలి. మార్చిలో అసలు వెళ్ళనివాళ్ళు మేలో దేనికైనా వెళ్ళవచ్చు. రెండో మెసేజ్ ముందు వాళ్ళకే పంపుతాను.